వెతకడం నేర్పకుండా ప్రాజెక్టు రిపోర్టులు అడిగితే ఎలాగండి?

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మొన్న మీ జిల్లా పేజీలో డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు జెరాక్సు షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయని రాశారు కదా, పోయినేడాది రిపోర్టుకి అట్ట మార్చి పేరు మార్చి ఇచ్చేస్తున్నారని. నిజమేనండి, కాదనను. కానీ ఆ వార్తంతా చదివితే పిల్లలది బద్ధకం, షాపులవాళ్ళది కక్కుర్తి అన్నట్టే ఉంది గానీ, ఓ పిల్ల నిజంగా రాద్దామని కూర్చుంటే ఏమవుద్దో ఎవరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైతే ఏమనుకోకుండా కత్తిరించుకోండి.

నేను కోనసీమలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌నండి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టనీ ఇంటర్న్‌షిప్పనీ ఉన్నత విద్యామండలి తప్పనిసరి చేశాక పిల్లలు చేలల్లోకీ చెరువుల దగ్గరకీ వెళ్తున్నారు, నాలుగిళ్ళు తిరిగి వివరాలు రాసుకొస్తున్నారు, అక్కడిదాకా బానే ఉంది. తర్వాత రిపోర్టులో రివ్యూ ఆఫ్ లిటరేచర్ అని ఓ చాప్టర్ రాయాలి, అంటే ఇదే విషయం మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం పరిశోధన చేశారో చూసి రాయడమన్నమాట, బండి అక్కడ ఆగిపోద్ది. అది ఎలా వెతకాలో ఏ పీరియడ్లోనూ చెప్పరు, చెప్పాల్సిన సార్లలో చాలామందికి వాళ్ళు చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు, ఇక ఆ పిల్ల జెరాక్సు షాపుకి పోక ఎక్కడికి పోద్దండి.

ఒక ఉదాహరణ చెప్తాను. బోటనీ అమ్మాయి, వాళ్ళ నాన్న కౌలు రైతు, వరిలో దోమపోటు మీద ప్రాజెక్టు తీసుకుంది. గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ సైట్లో, "ప్యాడీ మస్కిటో" అని కొట్టింది. వచ్చాయి, బోలెడు వచ్చాయి, అన్నీ మెదడువాపు జ్వరం గురించి, వరిమడి నీళ్ళలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమల గురించి! "మన దోమ మీద ఎవరూ రాయలేదు మేడం" అంటూ వచ్చింది. రాయకపోవడమేంటమ్మా, మన సుడిదోమని వాళ్ళు బ్రౌన్ ప్లాంట్‌హాపర్ అంటారు, శాస్త్రీయ నామం నీలపర్వత లూజెన్స్, చేను వలయాలు వలయాలుగా ఎండిపోతే దాన్ని హాపర్‌బర్న్ అంటారు అని ఈ మూడు మాటలు రాసిచ్చి కూర్చోబెడితే ఆసియా మొత్తం మీద దశాబ్దాలుగా ఈ పురుగుతో కుస్తీ పడుతున్నవాళ్ళందరి పేపర్లూ వరసపెట్టి వచ్చేశాయి. అదే పిల్ల, అదే కంప్యూటరు, మారింది మాటే.

నా అనుభవంలో వెతకడమనే పనిలో ముప్పావు వంతు ఇదేనండి, కీబోర్డు ముట్టుకోకముందే అయిపోవాలి. ఓ తెల్లకాగితం తీసుకుని మన విషయానికి ఊళ్ళో ఏమంటారు, ఇంగ్లీషులో ఏమంటారు, సైన్సువాళ్ళు ఏమంటారు, పాత రోజుల్లో ఏమనేవారు అని రాసుకోవాలి. పురుగులూ తెగుళ్ళూ అయితే మండలం ఏఓ గారిని, అంటే వ్యవసాయాధికారిని, అడిగినా చెప్తారు, ఆక్వా అయితే ఫిషరీస్ డిపార్ట్‌మెంటు వాళ్ళు చెప్తారు, ఏదీ కుదరకపోతే వికీపీడియా చూడండి, దాన్ని రిపోర్టులో ఉదహరించొద్దు గానీ పేర్లు పట్టుకోడానికి అంత తేలికైంది ఇంకోటి లేదు. మా పిల్లలు మాత్రం ఆ కాగితం తియ్యరండి. "ఎఫెక్ట్స్ ఆఫ్ ఆక్వాకల్చర్ ఆన్ డ్రింకింగ్ వాటర్ ఇన్ మై విలేజ్" అని హాలు టికెట్టు మీద పేరు రాసినట్టు టైటిలంతా కొట్టేస్తారు. ఆ మై విలేజ్ ఏ పేపర్లో ఉంటుందండి?

మామూలు గూగుల్‌కి అలవాటు పడిపోవడం వల్ల వచ్చిన తిప్పలివి. గూగుల్ మన కిరాణా కొట్టు కుర్రాడు టైపు, సగం చెప్పినా తప్పు చెప్పినా మన మొహం చూసి కావాల్సింది తెచ్చిస్తాడు, పేపర్ల వివరాలు దాచిపెట్టే డేటాబేస్ మాత్రం రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తా, దరఖాస్తులో ఏ అక్షరాలు రాస్తే ఆ అక్షరాలే రికార్డులో చూస్తాడు, ఒక్క అక్షరం తేడా వచ్చినా లేదు పొమ్మంటాడు. ఆస్తి కాగితాల్లో పేరు ఒకలా ఆధార్‌లో ఇంకోలా ఉండి తిరిగినవాళ్ళెవరికైనా ఇది వెంటనే అర్థమవుద్ది.

పైగా సైన్సువాళ్ళు పేర్లు మారుస్తుంటారు, అదో గొడవ. మన కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమ తెలుసు కదండి, ఆకుల మీద తెల్లగా చుట్లు చుట్లుగా ఉండి కింద ఆకులన్నీ నల్లటి మసి పట్టిపోతాయి. రుగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై అంటారు, మన దేశంలో 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనబడింది. దానిమీద వాడే ఓ శిలీంధ్రం ఉంది, ముందు పేసిలోమైసిస్ ఫ్యూమోసోరోసియస్ అన్నారు, తర్వాత ఐసేరియా ఫ్యూమోసోరోసియా అన్నారు, ఇప్పుడు కార్డిసెప్స్‌లో కలిపేశారు. పిల్లోడు కొత్త పేరుతో వెతికితే పాత పేపర్లు రావు, పాతదానితో వెతికితే కొత్తవి రావు. రొయ్యకీ అంతే, వనామీ రకాన్ని 1997లో పీనియస్ నుంచి లిటోపీనియస్ అని విడదీశారు, తర్వాత మళ్ళీ పీనియస్‌లోకే తెచ్చారు, మన చెరువుల్లోకి అనుమతితో వచ్చిందేమో 2009లో, ఆ టైములో రాసినవాటిలో చాలావరకూ లిటోపీనియస్ అనే ఉంటుంది. వైట్‌లెగ్ ష్రింప్ అనీ పసిఫిక్ వైట్ ష్రింప్ అనీ రాసేవాళ్ళు వేరే ఉన్నారు.

ఇలాంటి చోట వాడాల్సింది "ఆర్" అండి. రెండు పేర్ల మధ్య ఇంగ్లీషులో ఓ-ఆర్ అని పెద్దక్షరాల్లో కొడితే ఇదున్నా తే, అదున్నా తే అని అర్థం. "ఆండ్" అంటే రెండూ ఉండాల్సిందే, స్కాలర్‌లో అది కొట్టక్కర్లేదు, మాటల మధ్య ఖాళీ వదిలితే చాలు. చిన్నక్షరాల్లో కొడితే చాలా చోట్ల మామూలు మాటే అనుకుని వదిలేస్తుంది, పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. పబ్‌మెడ్‌లో (వైద్యం పేపర్ల డేటాబేస్) అయితే ఒకదానికొకటి పేర్లయినవాటిని బ్రాకెట్లో పెట్టాలి, పెట్టకపోతే ఎడమ నుంచి కుడికి ఎలా పడితే అలా చదువుకుపోద్ది. "నాట్" కూడా ఉంది గానీ నేను పిల్లలకి ఎక్కువ చెప్పను, అక్కర్లేనివాటితో పాటు కావాల్సినవీ తుడిచిపెట్టేస్తుంది.

ఇక మన ఊళ్ళ పేర్లు, ఇది ఇంకెవరూ చెప్పరు కాబట్టి నేను కాస్త ఎక్కువ చెప్తాను. మన డెల్టా మీద నూట యాభై ఏళ్ళకి పైగా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారండి, కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఇంజనీర్లు, కలెక్టర్లు, ఆ తర్వాత యూనివర్సిటీవాళ్ళు. దొరకట్లేదంటే స్పెల్లింగు వల్ల. హెన్రీ మోరిస్ అనే ఆయన 1878లో జిల్లా గురించి రాసిన పుస్తకంలో గోదావరికి చివర వి-ఈ-ఆర్-వై ఉంటుంది, 1907లో హెమింగ్వే రాసిన గెజెటీర్‌కి, అంటే సర్కారు వేయించిన జిల్లా వివరాల పుస్తకానికి, వచ్చేసరికి ఇప్పటిలాగే వి-ఏ-ఆర్-ఐ అయింది. (ఈ హెమింగ్వే ఆ నవలల హెమింగ్వే కాదండోయ్, మా పిల్లలు అడుగుతారు.) కాకినాడ ఆ రోజుల్లో సి తో మొదలయ్యే కొకనాడ, ధవళేశ్వరానికి ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు, కోరంగి ఏమో కోరింగా. ఇవన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా ఉన్నాయి, హిస్టరీ పిల్లలు ఒక్కరూ తెరవరు.

పాతవే కాదు, ఇప్పటివీ అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మాది కోనసీమ జిల్లా అయింది, పిల్లలు కోనసీమ డిస్ట్రిక్ట్ అనే వెతుకుతారు. అంతకుముందు రాసిన పేపర్లన్నిట్లో అమలాపురమైనా రాజోలైనా ఈస్ట్ గోదావరి డిస్ట్రిక్టే కదండి! అలాగే భీమవరం వాళ్ళకీ ఏలూరు వాళ్ళకీ వెస్ట్ గోదావరి ఒక్కటే. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, రెండూ పెట్టి మధ్యలో ఆర్ కొట్టాలి. అసలు చాలాసార్లు జిల్లా పేరు తీసేసి గోదావరి డెల్టా అని పెడితేనే మంచివి పడతాయి, ఎందుకంటే నేల గురించీ నీళ్ళ గురించీ రాసేవాళ్ళు జిల్లా సరిహద్దు చూసి రాయరు.

సరే, ఇంత చేశాక ఎక్కువ వచ్చేస్తే ఏంచేయాలి అంటారా. మన మార్టేరు వరి పరిశోధన స్టేషన్ వాళ్ళు 1982లో ఇచ్చిన స్వర్ణ వరి రకం తీసుకోండి, దేశమంతా పండించింది. "స్వర్ణ" అని ఒక్క మాట కొట్టండి, స్వర్ణ అని పేరున్న డాక్టర్లంతా వస్తారు, స్వర్ణభస్మం మీద ఆయుర్వేదం పేపర్లు వస్తాయి, నీటమునకకి తట్టుకునే స్వర్ణ సబ్-1 అనే తర్వాతి రకం వస్తుంది. అప్పుడు రైస్ అని కలపాలి, ఎంటీయూ 7029 అని రకం నంబరు కూడా పెట్టాలి, అదీ కొందరు కలిపి రాస్తారు, కొందరు మధ్యలో గీత పెడతారు, కాబట్టి రెండు రకాలూ చూడాలి. ఒకే మాటగా రావాల్సినవాటికి కొటేషన్ మార్కులు పెట్టాలి, గోదావరి డెల్టా అన్నదానికి పెట్టకపోతే గోదావరి ఒక పేజీలో డెల్టా ఇంకో పేజీలో ఉన్నవి కూడా వచ్చేస్తాయి. టైటిల్‌లో మాత్రమే వెతకమనొచ్చు, ఏ సంవత్సరం నుంచి కావాలో పక్కనే నొక్కొచ్చు. అన్నట్టు నక్షత్రం గుర్తు ఒకటుంటుంది, ఐ-ఆర్-ఆర్-ఐ-జి దాకా కొట్టి ఆ గుర్తు పెడితే ఇరిగేషన్, ఇరిగేటెడ్, ఇరిగేటింగ్ అన్నీ వస్తాయి, పబ్‌మెడ్ లాంటివాటిలో పనిచేస్తుంది, గూగుల్ స్కాలర్‌లో మాత్రం చెయ్యదు, యూట్యూబ్‌లో అన్నిచోట్లా పనిచేస్తుందన్నట్టు చెప్తున్నారు, నమ్మకండి. తక్కువ వస్తే ఇదంతా ఉల్టా, మాటలు తగ్గించుకుంటూ పోవడమే.

కానీ నన్నడిగితే ఒక్క మంచి పేపరు దొరికాక సెర్చ్ బాక్సు వదిలేయాలండి. ఆ పేపరు చివర రిఫరెన్సులు చూస్తే వెనక్కి వెళ్తాం, స్కాలర్‌లో దాని కింద "సైటెడ్ బై" అని ఉంటుంది, అది నొక్కితే తర్వాత దాన్ని ఉదహరించిన పేపర్లు వచ్చి ముందుకి వెళ్తాం. ఉదాహరణకి 2009లో నేచర్ జియోసైన్స్ అనే జర్నల్లో జేమ్స్ సివిట్‌స్కీ వాళ్ళు ప్రపంచంలో 33 డెల్టాలు తీసుకుని మనుషులు చేసే పనుల వల్ల అవి ఎలా కుంగుతున్నాయో రాశారు, అందులో మన గోదావరీ ఉంది. ఎగువన రిజర్వాయర్లు ఒండ్రుమట్టి ఆపేస్తే కింద డెల్టాకి మేత ఉండదన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ పేపర్ని ఉదహరించినవి వేలల్లో ఉన్నాయి, అన్నీ ఎవడు చదువుతాడు? "సైటెడ్ బై" నొక్కాక పైన చిన్న టిక్కు పెట్టుకునే గడి ఒకటి వస్తుంది, వీటిలోనే వెతుకు అని, అది పెట్టి గోదావరి అని కొడితే అంతర్వేది తీరం కోత గురించీ మడ అడవుల గురించీ రాసే పిల్లలకి కావాల్సినవి వడకట్టి చేతికొస్తాయి. ఈ టిక్కు గురించి చెప్తే ఎమ్మెస్సీ చేసొచ్చిన మా లెక్చరర్ ఒకాయన కూడా "ఇన్నాళ్ళూ చూళ్ళేదండి" అన్నారు.

అన్నిటికీ స్కాలరే అక్కర్లేదు కూడా. వ్యవసాయం పేపర్లకి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ళ అగ్రిస్ ఉంది, వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లకి కృషికోశ్, సముద్రం చేపలకి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళ ఈప్రింట్స్, వైద్యానికి పబ్‌మెడ్, బీఈడీ పిల్లలకి చదువుల మీద పేపర్లుండే ఎరిక్, అన్నీ చూడ్డానికి ఫ్రీ. అన్నిటికన్నా డిగ్రీ పిల్లలకి పనికొచ్చేది శోధ్‌గంగ అంటాను నేను, గాంధీనగర్‌లో యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ వాళ్ళు నడుపుతారు, మన దేశం యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. చాప్టర్ చాప్టర్‌గా విడిగా దిగుతుంది కాబట్టి ఫోన్లో డేటా కూడా తక్కువ అవుద్ది. మన విషయం మీదే ఎవరో నాలుగైదేళ్ళు కూర్చుని పాత పేపర్లన్నీ వెతికి పెట్టిన రెండో చాప్టరూ, చివర రిఫరెన్సులూ అక్కడున్నాయి, అవి చూసి అసలు పేపర్లు తెరిచి చదువుకోవడానికండి, ఎత్తి అంటించడానికి కాదు, ఆ మాట కూడా చెప్పాల్సొస్తుంది.

తర్వాత డబ్బుల గోడ. పేపరు పేరు దొరుకుద్ది, నొక్కితే ముప్పై డాలర్లో నలభై డాలర్లో కట్టమంటుంది, పిల్లలు అక్కడ దండం పెట్టి మూసేస్తారు. కేంద్రం వాళ్ళు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని పెట్టారు, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్ల దగ్గర్నుంచి దాదాపు 13,000 జర్నల్స్, బ్రహ్మాండమైన పని, నేను చప్పట్లు కొడతాను. కాకపోతే అది గవర్నమెంటు కాలేజీలకీ యూనివర్సిటీలకీ పరిశోధన సంస్థలకీ. మన డెల్టాలో పిల్లలు ఎక్కువమంది చదివేదేమో ప్రైవేటు కాలేజీల్లో. ఒకే వీధిలో ఉండే ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు గవర్నమెంటు కాలేజీ, ఒకరు ప్రైవేటు, ఒకరికి తలుపు తీసుంది, ఇంకొకరికి లేదు. దీని గురించి మీలాంటివాళ్ళు రాయాలండి. ఇంకా తమాషా ఏంటంటే తలుపు తీసున్న కాలేజీల్లో కూడా చాలామంది పిల్లలకి ఆ సంగతి తెలీదు, రిజిస్టర్ అయ్యిందా లేదా అని లైబ్రరీలో అడగరు.

ఈలోపు ప్రైవేటు పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోక్కర్లేదు. స్కాలర్‌లో పేపరు కింద "ఆల్ వెర్షన్స్" అని ఉంటుంది, అందులో చాలాసార్లు రాసినాయన సొంత యూనివర్సిటీ సైట్లో పెట్టిన కాపీ దొరుకుద్ది. అన్‌పేవాల్ అని బ్రౌజర్లో పెట్టుకునేది ఉంది, చట్టప్రకారం ఫ్రీగా ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. అదీ కాకపోతే రాసినవాళ్ళకి మర్యాదగా నాలుగు లైన్లు మెయిలు పెట్టడమే, మా పిల్లలకి అలా పంపినవాళ్ళున్నారు, మా పేపరు చదివే డిగ్రీ స్టూడెంటు ఉన్నాడా అని వాళ్ళకీ సంతోషమే.

చివరగా ఈ చాట్‌జీపీటీ. వాడొద్దని నేను అనను, పేర్లు పట్టుకోడానికి, దోమపోటుకి ఇంగ్లీషులో ఏమంటారో అడగడానికి బానే పనికొస్తుంది. కానీ రిఫరెన్సులు ఇవ్వమంటే ఒక్కోసారి లేనివి పుట్టించి ఇస్తుంది, రచయిత పేరు నిజం, జర్నల్ పేరు నిజం, పేపరు మాత్రం ఈ భూమ్మీద లేదు. మా దగ్గరికొచ్చే రిపోర్టుల్లో ఇప్పుడు జెరాక్సు షాపు సరుకు కన్నా ఇదే ఎక్కువ భయం నాకు. టైటిల్ కొటేషన్లో పెట్టి స్కాలర్‌లో కొడితే తేలిపోద్ది, పేపరుకి గుర్తుగా ఇచ్చే, 10తో మొదలయ్యే డీఓఐ నంబరు ఇస్తే అది డీఓఐ సైట్లో వేసి చూడాలి, వేరే పేపరు తెరుచుకుందంటే దొరికిపోయినట్టే. గైడు సారు రిపోర్టులో ఏవో మూడు రిఫరెన్సులు తీసి ఇలా చూస్తే పది నిమిషాల పని, ఎవరూ చూడట్లేదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదండి. ప్రాజెక్టు టాపిక్ ఇచ్చిన వారంలోనే పిల్లల్ని ఓ రెండు పీరియడ్లు లైబ్రరీకి పంపించండి, మా లైబ్రేరియన్లం ఖాళీగా పుస్తకాలకి స్టాంపులేసుకుంటూ కూర్చున్నాం. రిపోర్టు వెనక ఒక్క పేజీ కలపమనండి, నేను ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికాను, ఎన్ని వచ్చాయి, ఎందుకు ఇవి తీసుకున్నాను అని, చేత్తో రాసినా సరే. ఆ పేజీ జెరాక్సు షాపువాడు అమ్మలేడు, వైవాలో అదొక్కటి పట్టుకుని రెండు ప్రశ్నలడిగితే ఎవరు వెతికారో ఎవరు కొన్నారో తెలిసిపోద్ది.

మీ పేపరుక్కూడా ఒక మాట, చనువు తీసుకుంటున్నా. "శాస్త్రవేత్తల పరిశోధనలో తేలింది" అని రాసి వదిలేస్తున్నారు, ఏ శాస్త్రవేత్తలు, ఏ జర్నల్, ఏ సంవత్సరం అని కింద ఒక్క లైను వేయండి. మా పిల్లలు ఆ కటింగులు పట్టుకుని లైబ్రరీకి వస్తున్నారు, ఆ లైను లేక అసలు పేపరు వెతికిపెట్టడం నా వల్ల కావట్లేదు.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్,
అమలాపురం